తలుపుకేసి కూర్చున్న మనిషి

ఆమెను నేను గూఢచారి అనుకున్నాను. ఎవరి తరఫు గూఢచారో నాకే తెలియదు. పోలీసుల మనిషో, పార్టీ మనిషో, కాలేజీ యాజమాన్యం మనిషో తేల్చుకోలేక, ముగ్గురికీ కలిపి పనిచేస్తోందని కొన్నాళ్లు గట్టిగా నమ్మాను. పొద్దంతా పాఠాలు చెప్పే మనిషికి ఇన్ని కొలువులు చేసే తీరిక ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. అనుమానపడేవాడికి ప్రశ్నలు తట్టవు, జవాబులే తడతాయి. ఇంకో సంగతి కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. అనుమానంలో మానం కూడా ఉంటుంది. చివరికి పోయింది అదే. అదీ నాదే.

మొన్న వానాకాలంలో పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసి, "సార్, మేడమ్ పోయినారు. కాలేజీలో సంతాప సభ పెట్టుకుంటున్నాం. మీరు రావాల," అంది. నేను వెంటనే అడిగిన మాట, "ఎవరు చెప్పినారు?" అని. అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆ మాట నాది కాదు. ఆమెది. చావు కబురుకు కూడా ఆధారం అడిగే అలవాటు నాకు అంటించి, తను మాత్రం ఏ ఆధారమూ మిగల్చకుండా వెళ్లిపోయింది.

మార్కాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె రాజనీతిశాస్త్రం చెప్పేది. రాజు మీదా, నీతి మీదా, శాస్త్రం మీదా సమానంగా అనుమానం ఉన్న మనిషికి అంతకంటే తగిన సబ్జెక్టు లేదు. నేను తెలుగు చెప్పేవాణ్ణి. నేను చేరిన మొదటి వారంలోనే ప్రిన్సిపాల్ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఆ మేడమ్ వెనకటికి పార్టీలో తిరిగిన మనిషి. కొంచెం చూసుకుంటా ఉండండి," అన్నాడు. చూసుకోవడం అంటే నన్ను నేను చూసుకోమన్నాడో, ఆమెను చూసుకోమన్నాడో అడగాల్సింది. అడగలేదు. పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పిన మాటకు నేను బరువు ఎక్కువ ఇస్తాను. చూడటం మొదలుపెట్టాను.

చూడటానికి చాలానే ఉంది. స్టాఫ్ రూములో అందరం బల్ల చుట్టూ ఒకరి మొహాలొకరు చూసుకునేలా కూర్చునేవాళ్లం. ఆమె మాత్రం కుర్చీని తలుపుకేసి తిప్పుకునేది. వీపు ఎప్పుడూ గోడకే. ఎవరు లోపలికి వచ్చినా మొదట ఆమెకే కనపడాలి. పేపరు వస్తే మొదటి పేజీ ముట్టేది కాదు. లోపలి పేజీల్లో అడుగున చిన్న అక్షరాల్లో ఉండే టెండర్లు, వేలం ప్రకటనలు చదివేది. ఎందుకని అడిగితే, "పై వార్త వాళ్లు చెప్పదల్చుకున్నది సార్. ఇది చెప్పక తప్పనిది," అనేది. ఎవరైనా టీ ఇప్పిస్తామంటే, "ఎందుకు?" అనేది. ఎవరైనా ఆమె పాఠం బాగుందంటే, "ఏం కావాల?" అనేది. కొత్త ఏడాదికి యాజమాన్యం అందరికీ గోడ గడియారాలు పంచితే ఆమె తన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకొని, వెనక్కి తిప్పి, మూత తీసి చూసి, తర్వాత తెచ్చిన అటెండరుకే ఇచ్చేసింది. "ఊరికే ఎందుకిచ్చినారో తెలిసినాక తీసుకుంటాలే అన్నా," అంది.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది ఆమె పలక. మా ఊరు పలకలకు పేరు. దేశంలో ఎందరికో అక్షరాలు దిద్దించిన ఊళ్లో పలక కనపడటం వింత కాదు. కానీ డిగ్రీ కాలేజీ లెక్చరరు చంకలో చెక్క చట్రం పలక పెట్టుకొని తిరగడం వింతే. పాఠానికి కావలసిన పాయింట్లు, ఎవరితో ఏం మాట్లాడాలో ఆ సంగతులు, అన్నీ దాని మీదే రాసుకునేది. పని అయిపోగానే తడిగుడ్డతో తుడిచేసేది. కాగితం ముక్క మీద ఆమె చేతిరాత చూసినవాళ్లు కాలేజీలో లేరు. ఆమె క్లాసుకు వెళ్లినప్పుడు ఒకసారి ఆ పలకను కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ వంచి చూశాను. పలక పలకదు. తర్వాత ఆమె వచ్చి పలకను చూసి, నన్ను చూసి, "వేలి ముద్రలు పడినాయి సార్," అని తుడుచుకుంది.

ఆ ప్రాంతంలో ముక్కూ మొహం తెలియనివాణ్ణి కూడా మామా, అన్నా, అబ్బాయా అని వరస కలిపి పిలుస్తారు. ఆమె కూడా అంతే. అటెండరు అన్న, ఆటో అతను తమ్ముడు, క్యాంటీన్ నడిపే సాయిబు బాబాయి. నన్ను మాత్రం సార్ అనేది. ఆ గౌరవానికి మొదట పొంగిపోయాను. నమ్మకం కుదరనివాళ్లనే ఆమె సార్ అంటుందని తర్వాత గమనించాను. ప్రిన్సిపాల్ కూడా సారే.

ఆమె గతం నాకు ముక్కలుగానే తెలిసింది. గిద్దలూరు మనిషి. చదువుకునే రోజుల్లోనే సోషలిస్టుల్లో చేరి, పెళ్లీ గిళ్లీ పెట్టుకోకుండా పలకల ఫ్యాక్టరీల్లో దుమ్ము పీల్చే ఆడవాళ్లతో, నీళ్ల కోసం బిందెలు మోసే పల్లెలవాళ్లతో చాలా ఏళ్లు తిరిగింది. తర్వాత సంఘం చీలింది. సమసమాజం కోసం బయల్దేరినవాళ్లు చివరికి సమానంగా రెండు ముక్కలయ్యారు. ఆమె ఏ ముక్కలోనూ కలవకుండా, ఎప్పుడో పాసైన ఎమ్మేని దులిపి మా కాలేజీకి వచ్చింది. "ఎందుకు మానేశారు మేడమ్?" అని ఒకసారి అడిగాను. "నేను మానలేదు సార్, అదే మానుకునింది," అని వేయించిన శనక్కాయలు నమిలింది.

క్లాసులో కూడా అదే మనిషి. ఒకసారి పక్క గదిలో పాఠం చెబుతూ విన్నాను. ఎవరో అమ్మాయి లేచి, "రాజ్యాంగం మనకు సమానత్వం ఇచ్చింది మేడమ్," అని అప్పజెప్పింది.

"ఇచ్చిందా? నీ చేతికి వచ్చిందా?"

"పుస్తకంలో ఉంది మేడమ్."

"పుస్తకం రాసినోళ్లకు వచ్చిందేమో. నీకొచ్చిందా అని అడుగుతున్నా. పొద్దున బస్సులో సీటు దొరికిందా?"

"లేదు మేడమ్. మగపిల్లోళ్లు టవల్లు ఏసినారు."

"మరి ఆ టవలు తీసినావా?"

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఇదీ పాఠమేనా అని నేను లోపల రాసి పెట్టుకున్నాను. పలక మీద కాదు, మనసులో. నా మనసు మీద తుడిచినా పోని చెత్త చాలా ఉండేది.

ఇక శనివారాలు. శనివారం మధ్యాహ్నం చివరి పీరియడు అయ్యాక, పల్లెలకు పోయే బస్సు వచ్చేలోగా, ల్యాబు పక్కన చివరి గదిలో ఆమె ఆడపిల్లల్ని కూర్చోబెట్టి తలుపు వేసేది. లోపలినుంచి అరుపులు వినిపించేవి. "కాళ్లిరగ్గొడతా!" అని ఒక గొంతు. తర్వాత నవ్వులు. తర్వాత నిశ్శబ్దం. మళ్లీ, "రూలు చూపియ్యండి!" అని పది గొంతులు కలిపి. నాకింక సందేహం లేదు. సంఘం చావలేదు, చివరి గదిలో దాక్కుంది.

క్లాసులో సంధులు చెప్పేవాణ్ణి, ఒక శనివారం సందులో నిలబడ్డాను. తలుపుకు చెవి ఆనించి ఇంకా సర్దుకోకముందే లోపలినుంచి ఆమె గొంతు. "రాండి సార్. బయట నిలబడితే సగమే వినపడ్తది."

తలుపు కింద ఖాళీలోనుంచి నా చెప్పులు కనపడ్డాయట. తలుపుకేసి కూర్చోవడం ఎందుకో ఆ రోజు అర్థమైంది.

లోపల కుట్ర ఏమీ లేదు. రిహార్సల్ ఉంది. ఒక పిల్ల బస్సు కండక్టరు, ఇంకో పిల్ల చిల్లర అడగలేని ప్రయాణికురాలు. ఒకామె రెవెన్యూ ఆఫీసు గుమస్తా, ఒకామె కులం సర్టిఫికెట్ కోసం వచ్చి రేపు రమ్మంటే ఊరుకోని మనిషి. ఎవరితో ఎట్లా అడగాలో, ఎవరికి ఎట్లా వద్దని చెప్పాలో ముందే నోటికి అలవాటు చేయించడం ఆమె శనివారం పని. అన్ని వేషాలూ పిల్లలు బాగానే వేస్తున్నారు. ఒక్కటే కుదరడం లేదు.

"నాయన వేషం ఎవురేసినా రెండు మాటలకే కరిగిపోతా ఉండారు సార్," అంది ఆమె. "మాకు కరగని నాయన ఒకడు కావాల. మీరు ఉత్తినే నిలబడి వింటా ఉండారు గదా. కూచోండి."

అట్లా నాకొక పాత్ర దొరికింది. పాత్రత సంగతి దేవుడెరుగు. మొదటి రోజే నోరు తెరవగానే మా నాయన మాటలన్నీ వరసగా వచ్చేశాయి. "నేను నోరు మూసుకోమంటే మూసుకోవడమే," అని నేనంటే గదిలో పిల్లలు నిజంగా నోళ్లు మూసుకున్నారు. నాకు భలే అనిపించింది. ఇంట్లో నా మాటకు ఎన్నడూ దొరకని గౌరవం అది. తర్వాత ప్రతి శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకొని పోయేవాణ్ణి. నాలో నటుణ్ణి ఆమె గుర్తించిందనుకున్నాను. ప్రిన్సిపాల్ అడిగితే, "నాటకం సార్, అంతే," అన్నాను. అది నిజమే అయినా చెబుతుంటే అబద్ధంలా ఉంది.

ఆ గదిలో మౌనిక అనే పిల్ల ఉండేది. బేస్తవారిపేట దగ్గర పల్లె. వాళ్ల నాయన జీవాలు కాస్తాడు. గొర్రెల్నీ మేకల్నీ అక్కడ జీవాలనే అంటారు. పిల్ల పేరుకు తగ్గట్టే ఉండేది. డిగ్రీ చివరి ఏడు, క్లాసులో మొదటి పిల్ల. పరీక్షలు దగ్గరపడుతున్నప్పుడు హనుమంతునిపాడు పక్క సంబంధం కుదిరింది. అబ్బాయికి బోర్లు వేసే లారీ మీద పని. పెళ్లి పరీక్షలకంటే ముందే. చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతానని నాయన చెప్పేశాడు. పరీక్షలు రాస్తానని ఆయనకు చెప్పాలి. మౌనిక చెప్పలేకపోతోంది.

అందుకని నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు.

"నాయనా, నేను పరీక్షలు రాయాల," అంటుంది మౌనిక, నేల చూస్తూ.

"రాసి ఏం జేస్తావ్? నీ చదువు జూసి జీవాలు రెండేసి ఈనుతాయా?" అంటాను నేను.

పిల్ల కళ్లనిండా నీళ్లు. నేను ఆగిపోతాను. ఆమె ఆగనిచ్చేది కాదు.

"ఏడుపొస్తే రానియ్యి పాపా. ఏడుస్తానే మాట్లాడు. ఏడుపు ఆగినాక చెప్తామంటే ఆయన చెప్పులేసుకొని పోతాడు. తల దించుకున్నా పర్వాలేదు, నోరు దించుకోమాకు. సార్, మళ్లీ."

మళ్లీ. వారం తర్వాత మళ్లీ. మౌనిక నెమ్మదిగా నా మాటకు మాట అనడం నేర్చుకుంది. కానీ అది నాతో. ఇంటికి పోయి నిజం నాయన ముందు నిలబడితే గొంతులో మాట గొంతులోనే ఉండిపోతోందని, నీళ్లు తాగొచ్చి పడుకుంటున్నానని చెప్పింది. ఆ మాట విన్నప్పుడు ఆమె పలక మీద ఏదో రాసుకొని, చాలాసేపు చూసి, తుడిచేసింది. నాకు మళ్లీ అనుమానం వచ్చింది. ఈసారి వచ్చిన అనుమానం సరైందే. కానీ అప్పటికి నా అనుమానాలను నేనే నమ్మడం మానేశాను.

ఆ శనివారం ఆమె నన్ను ముందే హెచ్చరించింది. "ఈపొద్దు కొంచెం గట్టిగా అనండి సార్. వరండా దాకా వినపడాల. పిల్లకు బెదురు పోవాల."

నటుడికి అంతకంటే ఏం కావాలి? గొంతు సవరించుకున్నాను. మౌనిక "నాయనా" అనేలోపే విరుచుకుపడ్డాను. "రేప్పొద్దున్నుంచి గడప దాటితే కాళ్లిరగ్గొడతా! పుస్తకాలన్నీ పొయ్యిలో పెడతా! నీకు సదువెందుకే గొర్రెమొహమా!" ఆ గొర్రెమొహం నా సొంత కల్పన. అప్పటికప్పుడు పుట్టింది. బాగుందని కూడా అనుకున్నాను.

తలుపు ధడేలున తెరుచుకుంది. తువ్వాలు నడుముకు చుట్టుకున్న పొడుగాటి మనిషి నా మీదికి వచ్చాడు.

"ఎవుడ్రా నువ్వు? నా బిడ్డను గొర్రెమొహం అనేదానికి?"

"మామా, అది కాదు..."

"ఎవుడికిరా మామ?" కాలరు పట్టుకున్నాడు. గుండీ ఒకటి ఎగిరి బల్ల కింద పడింది. "దాని కాళ్లిరగ్గొట్టేదానికి నువ్వెవుడివి? నీ ఇంట్లో తిని సదువుతా ఉండాదా? సదువుకుంటది నా బిడ్డ. పరీచ్చలు రాస్తది. పైసదువు గూడా సదువుద్ది. నీకేందిరా నొప్పి?"

మౌనిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నాయన్నే చూస్తోంది. మేడమ్ మాత్రం కుర్చీలోనుంచి లేవలేదు. కనీసం కదల్లేదు. శనక్కాయ పొట్టు చేతిలోనుంచి సంచిలో వేసుకొని, నెమ్మదిగా అంది.

"విన్నావా మౌనికా. నాయన పరీక్షలు రాస్తదంటా ఉండాడు. అమ్మాయిలూ, అందరూ విన్నారు గదా?"

"విన్నాం మేడమ్," అన్నారు పిల్లలు, రెవెన్యూ ఆఫీసు రిహార్సల్లో అన్నట్టే, ఒక్క గొంతుతో.

ఆయన చేతిలో నా కాలరు వదులైంది. ఏం అన్నాడో ఆయనకు అప్పుడే అర్థమవుతున్నట్టుంది. కూతుర్ని ఇంటికి తోలుకపోదామని వచ్చిన మనిషి అతను. ఇంతమంది ఆడపిల్లల ముందు, తన బిడ్డ ముందు, నోరారా అన్న మాట. వెనక్కి తీసుకోవాలంటే ఆ గొర్రెమొహం మాటతో తానూ ఒప్పుకున్నట్టే అవుతుంది.

"కూచో అన్నా, నీళ్లు తాగు," అని ఆమె సీసా అందించింది. "ఈ సార్ సంగతి పట్టించుకోమాక. ఆయన అట్లాంటోడే. ఆడపిల్లల సదువంటే గిట్టదు."

నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూసింది. మూసుకున్నాను.

మౌనిక పరీక్షలు రాసింది. సంబంధం వాళ్లు ఆగలేదు, వేరే పిల్లను చూసుకున్నారు. మౌనిక బీఈడీ చేసి, ఇప్పుడు తన మండలంలోనే టీచరు. నా సంగతే బాగాలేదు. బేస్తవారిపేట చుట్టుపక్కల నాకు పేరొచ్చింది. మార్కాపురం బస్టాండులో మౌనిక నాయన కనపడినప్పుడల్లా పక్కనున్నవాళ్లకు నన్ను చూపించేవాడు. "అదో, ఆయనే. సదువు సెప్పి జీతం తీసుకుంటాడు, ఆడపిల్లలు సదివితే ఓర్సుకోలేడు." ఒకసారి బస్సులో ముసలమ్మ ఒకామె నన్ను ఎగాదిగా చూసి, పక్క సీటులో కూర్చున్న మనవరాలిని లేపి తనకు అటువైపు కూర్చోబెట్టుకుంది.

ఆమె దగ్గరికి పోయి బతిమాలాను. "ఒక్కసారి ఆయనకు నిజం చెప్పండి మేడమ్. నాటకమని చెప్పండి."

"ఇప్పుడు చెప్తే ఆయన మాట వెనక్కి పోతది సార్. పరీక్షలు అయిపోనీయండి."

పరీక్షలు అయ్యాయి. "బీఈడీ సీటు రానీయండి," అంది. సీటు వచ్చింది. "ఉద్యోగం రానీయండి." ఉద్యోగం వచ్చేలోపు ఆమె రిటైరై గిద్దలూరు వెళ్లిపోయింది. మౌనిక నాయన మాత్రం ఏడాదికోసారి ఆమెకు వెన్న తీసుకుపోయేవాడు. ఆమె "ఎందుకు?" అని అడగకుండా తీసుకున్న కానుక నాకు తెలిసి అదొక్కటే.

గిద్దలూరులో ఆమె ఉన్న మేడ మీది వాటాకు ఒకసారి వెళ్లాను. మెట్లెక్కి తల పైకెత్తేసరికి ఎదురుగా ఆమె. కుర్చీ మెట్లకేసి వేసుకొని కూర్చుంది.

"ఏంది సార్, ఇంత దూరం? ఏం కావాల?"

"ఒక్క జవాబు కావాలి. ఆ శనివారం మౌనిక వాళ్ల నాయనను పిలిపించింది మీరేనా?"

"మరి ఇంకెవురు పిలుస్తారు? మీరా? మాన్పించదల్చుకుంటే శనివారం మధ్యాహ్నం వచ్చి తోలుకపోండని ఆఫీసు ఫోన్ నుంచి నేనే చెప్పినా. చివరి గది అని కూడా చెప్పినా."

"మౌనికకు తెలుసా?"

"తెలిస్తే ఆ పిల్ల మొహంలో కనపడదా? మీకూ అందుకే చెప్పలేదు."

"కనీసం నన్నెందుకు ఎంచుకున్నారో చెప్పండి."

ఆమె కాసేపు మెట్లవైపు చూసింది. ఎవరూ రావడం లేదని తేల్చుకొని చెప్పింది.

"పలకల ఫ్యాక్టరీల కాడ తిరిగేటప్పుడు చూసినాను సార్. ఇంట్లో ఆడమనిషి నోరు నొప్పి పుట్టేటట్టు చెప్పినా మగోడు వినడు. వాడు ఇంట్లో అనే మాటే బయటోడు ఎవడన్నా అంటే, నా బిడ్డను అనేదానికి నువ్వెవుడివి అని మీదికి పోతాడు. అప్పుడు అనే మాటను మనం పట్టుకోవాల. అంతే. అట్ల ఎంతోమంది ఆడోళ్లను మీటింగులకు రప్పించినాం. కానీ ఆ బయటోడు అయ్యేదానికి మా సంఘంలో మగోళ్లు ఎవురూ ఒప్పుకునేవాళ్లు కాదు. అందరికీ మంచోళ్లనిపించుకోవాలని కోరిక. సగం దానివల్లే చీలిపోయినామేమో."

"నన్ను అడగనే లేదు గదా."

"అడిగితే ఒప్పుకునేటోళ్లా?"

ఆలోచించాను. ఒప్పుకునేవాణ్ణి కాదు.

"అయినా మొదట్లో మీరు ప్రిన్సిపాల్ మనిషి అనుకున్నా సార్. కళ్లెదురుగా పెట్టుకుంటే మంచిదని నాయనను చేసినా."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ కొంచెం ఉంది," అంది. నవ్విందో లేదో చెప్పలేను. ఆమె మొహంలో నవ్వుకూ అనుమానానికీ ఒకటే గీత.

సంతాప సభకు పోయాను. కాలేజీ హాల్లో ఆమె ఫొటో, దండ, అగరొత్తులు. ఎప్పుడూ ఫొటో దిగని మనిషి కాబట్టి ఏదో గుంపు ఫొటోలోనుంచి కత్తిరించి పెద్దది చేయించినట్టున్నారు, చూపు పక్కకు ఉంది. ఆమె వెనక ఎవరిదో భుజం సగం మిగిలింది. పాత ప్రిన్సిపాల్ వచ్చి ఆమె క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. తర్వాత మౌనిక లేచింది. చేతిలో కాగితం లేదు, గొంతులో బెదురు లేదు.

"ఇప్పుడు చెప్పొచ్చు గదా సార్," అని నా వైపు చూసి శనివారాల సంగతి మొత్తం చెప్పింది. కండక్టరు, గుమస్తా, అందరి గొంతులూ అనుకరించింది. చివరికి నన్ను. "నీకు సదువెందుకే గొర్రెమొహమా" అని నాకంటే బాగా అంది. హాలంతా నవ్వింది. చావు సభలో నవ్వొచ్చా అని చూసేవాళ్లు కూడా నవ్వారు. ఇన్నేళ్లకు నా మానం నాకు తిరిగొచ్చిందని నేనూ నవ్వాను.

వెనక వరసలో ఒక్క మనిషి నవ్వలేదు. తువ్వాలు మోకాళ్ల మీద పెట్టుకొని, స్టేజీ మీద కూతుర్నే చూస్తున్నాడు.

సభ అయ్యాక నేను స్కూటర్ దగ్గరికి పోతుంటే వెనకే వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. కాలరు పట్టుకున్న ఆ చేతులు ఇప్పుడు తువ్వాలును మడతపెడుతున్నాయి.

"నాటకమంట గదా సారూ."

"అవును మామా." ఈసారి ఎవుడికిరా మామ అనలేదు.

"మా పాపకు తెలుసునా, నేనొస్తానని?"

"తెలియదు. నాకూ తెలియదు. మమ్మల్ని నమ్మి ఆమె ఏమీ చెప్పదు."

స్కూటర్ మీద చెయ్యి వేసి ఆపాడు. అడగాలనుకున్నది అది కాదు. అది ఇంకా లోపలే ఉంది. ఇన్నేళ్లుగా ఊళ్లో చెప్పుకుంటున్నాడు, పెళ్లి వద్దని బిడ్డను చదివించింది నేనేనని. అందరూ పెళ్లి చేయమన్నా నా ఒక్క మాట మీద నిలబడ్డానని.

"అయితే సారూ... నేనన్న మాట గూడా నాటకంలోదేనా?"

"కాదు మామా. ఆ గదిలో అందరి మాటలూ ముందే అనుకున్నవి. నీ మాట ఒక్కటే ఎవరూ నేర్పనిది."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అయినా అనుమానం వదల్లేదు. ఆమె దగ్గరికి ఏడాదికోసారి వెళ్లి వచ్చిన మనిషి. కొంత అంటదా?

"ఆయమ్మ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు సారూ. నాకు బాగా గుర్తు. నేను నిన్ను పట్టుకున్నా కదల్లేదు. అనుకున్నట్టే పిచ్చోడు పడినాడులే అని లోపల నవ్వుకొని ఉంటది. ఇన్నేళ్లు నా వెన్న తింటా నవ్వుకొని ఉంటది."

అప్పుడు నాకు కాలరు గుర్తొచ్చింది. గుండీ గుర్తొచ్చింది. బస్సులో మనవరాలిని అటు జరిపిన ముసలమ్మ గుర్తొచ్చింది. అరెస్టులకు, యజమానుల మనుషులకు, సొంత సంఘం చీలికకు, ఎవరికీ బెదరని ఆ మనిషి మొహం కూడా గుర్తొచ్చింది.

"నవ్వడమా మామా?" అన్నాను, గొంతు తగ్గించి. "నిన్ను చూసి వణికిపోయింది. లేవాలని చూసింది, కాళ్లు రాలేదు. అందుకే కుర్చీలోనే ఉండిపోయింది. నువ్వు పోయినాక నీళ్లు తాగించి, ఇద్దరం పట్టుకుని లేపినాం."

"నిజంగానా?"

"నా కళ్లతో చూశాను."

ఆయన మెడ నిటారుగా అయింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నాకెందుకో అప్పుడే అనిపించింది సారూ," అని బస్టాండు వైపు నడిచాడు. ఈపాటికి బేస్తవారిపేట చుట్టుపక్కల జీవాలు కాసేవాళ్లందరికీ ఈ సంగతి చేరి ఉంటుంది. ఆమె ఉండి ఉంటే ఆధారం అడిగేది. అందుకే ఈ అబద్ధానికి ఆమె పోయేదాకా ఆగాను.